కొక్కెం మాత్రం తియ్యకు

నా చిన్నప్పుడు ఒక ఉగాది పొద్దున, కొత్తవాడలోని మా గల్లీలో నలుగురూ చూస్తుండగా, పంచాంగం చదువుతున్న పంతులుగారి చేతిలోంచి పుస్తకం లాక్కుని నిలువునా చించేశాను. చించి ఊరుకోలేదు. ఆ ముక్కలు ఆయన ఒడిలోనే పోసి, "మా నాయిన సంగతి మీ పుస్తకానికేం ఎర్క?" అని అడిగి, వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికి వచ్చేశాను. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు. ఈ ముచ్చట నేను మా మనవళ్ళకు చెప్పాను, స్టేషను ముందర టీ కొట్టులో చెప్పాను, రక్తపరీక్ష కోసం లైన్లో నా ముందు నిలబడ్డ ముక్కూ ముఖం తెలియని మనిషికి కూడా చెప్పాను. అందరూ మెచ్చుకున్నారు. పుస్తకం మాత్రం చిరగలేదు. ఆ సంగతి కాసేపట్లో నేనే ఒప్పుకుంటాను, తొందరపడకండి.

ఆ ఏడు మాకు ఏదీ కలిసి రాలేదు. మా ఇంట్లో జంపఖానాలు నేసేవాళ్ళు. ముందు గదంతా ఒక్క మగ్గమే. మనుషులం దాని పక్కన సర్దుకుని బతికేవాళ్ళం. వానాకాలంలో గల్లీలో నీళ్ళు నిలిచి, కాళ్ళు పెట్టుకుని కూర్చునే మగ్గం గుంటలోకి దిగాయి. మా నాయన వారం రోజులు ఆ తడిలోనే కూర్చుని నేశాడు. దీపావళి వెళ్ళగానే దగ్గు మొదలైంది. చలి తగ్గినా దగ్గు తగ్గలేదు. ఒకనాడు నోటికి అడ్డం పెట్టుకున్న తువాలు మీద ఎర్రగా కనిపించింది. పెద్ద దవాఖానలో చేర్చుకున్నారు. మా అమ్మ ఆయన దగ్గరే ఉండిపోయింది. ఇంట్లో మిగిలింది ముగ్గురం. రెండు కళ్ళకూ పొర కమ్మిన మా తాతయ్య, పదమూడేళ్ళ మా అక్క, నేను.

మా తాతయ్య భక్తుడు. ఈ మాట వినగానే మీ కళ్ళ ముందు ఒక నెమ్మదైన ముసలాయన మెదిలితే ఆ బొమ్మ చెరిపేయండి. దేవుడి పటం ముందు ఆయన చేతులు కట్టుకుని నిలబడడం నేను ఏనాడూ చూడలేదు. నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడేవాడు. ఏటా ఉగాది పొద్దున తలకు నీళ్ళు పోసుకుని, దీపం వెలిగించి, దేవుణ్ణి నిలదీసేవాడు. అది మా ఇంటి పూజ. ఆ ఏడు గొంతు ఇంకాస్త పెంచాడు.

"ఏందయ్యా, నీకేమన్న సోయి ఉన్నదా? గుంటల నీళ్ళు నింపితివి, ఊకున్న. నూలు మురగబెడితివి, ఊకున్న. ఇగ నా కొడుకు ఛాతి మీద ఎక్కి కూసుంటివి. గిదేం పద్ధతి? రేపు నీ ముంగట దీపం పెట్టేది ఎవ్వడు?"

అదే నోటితో, మా అక్క కలిపిన వేపపువ్వు పచ్చడి గ్లాసు ఒకటి పటం ముందు పెట్టాడు. "తీస్కో, తాగు. చేదున్నది. మాకు గూడ గట్లనే ఉన్నది" అన్నాడు.

మా అక్క ఓణీ నోట్లో కుక్కుకుని నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. అసలే మా నాయన దవాఖానలో ఉన్నాడు. ఈ పూట దేవుడికి కోపం తెప్పించడం అవసరమా అనిపించింది. ఆ మాటే అడిగాను. తాతయ్య నా తల ఎక్కడుందో తడిమి చూసి, జుట్టు చెరిపాడు. "కొట్లాడేటోడు ఇల్లిడిచి పోడు రా. అలిగేటోడు పోతడు. నేను అలగలే" అన్నాడు. నాకేమీ అర్థం కాలేదు. పెద్దవాళ్ళు అర్థం కాకుండా మాట్లాడితే ఆరోజు పండుగ బాగానే జరుగుతుందని నమ్మి బయటికి వెళ్ళిపోయాను.

ఇక్కడ మగ్గం గురించి కొంచెం చెప్పాలి. చెప్పకపోతే నేను చేసిన వెధవపని ఎంత వెధవపనో మీకు తెలియదు. మగ్గం మధ్యలో నిలువు దారాల తెర ఒకటి వేలాడుతుంటుంది. దాన్ని మేము అచ్చు అంటాం. ఆ తెరలో ప్రతి దారానికీ ఒక కన్ను ఉంటుంది. పడుగులోని పోగులు, అంటే మగ్గం మీద పొడుగునా సాగే దారాలు, ఒక్కొక్కటీ ఒక్కో కంటిలోంచి దూరి రావాలి. జంపఖానా పూర్తయ్యాక కోసి తీస్తాం గానీ, అంతా కోసేయం. పాత పడుగు కొసలను జానెడు మేర ఆ కళ్ళలోనే వదిలి, కొత్త పడుగు పోగులను వాటికి ఒక్కొక్కటిగా అతుకుతాం. అతికి లాగితే పాతది నడిచిన దారిలోనే కొత్తది వచ్చేస్తుంది. వేళ్ళ మధ్య మెలిపెట్టి అతకడమే గనుక చూపు అక్కర్లేదు. మా తాతయ్య కళ్ళు పోయాక కూడా ఆ పని చేసేవాడు. కానీ అచ్చు కళ్ళు ఖాళీ అయితే మాత్రం కథ మొదటికి వస్తుంది. ఐదారు వందల పోగులను ఒక్కొక్కటిగా కొక్కెంతో ఆ కళ్ళలోంచి లాగాలి. దానికి మంచి చూపు కావాలి. మా ఇంట్లో ఆ పని మా నాయన ఒక్కడే చేసేవాడు.

మా ఇంటికి ఒక ఆనవాయితీ ఉండేది. ఉగాది నాడు పొద్దు వాలేలోపు కొత్త పడుగు మీద నాలుగు వరుసలైనా నేయాలి. దవాఖానకు వెళ్ళేముందు మా నాయన నేసిన ఆఖరి జంపఖానాను తాతయ్య అప్పటికే కోయించి తీసి ఉంచాడు. ఆయన పోగుల కొసలు అచ్చులో వేలాడుతున్నాయి. కొత్త పడుగు వెనక చుట్టి సిద్ధంగా ఉంది. మధ్యాహ్నం తాతయ్య, మా అక్క కూర్చుని అతకాలి. సాయంత్రానికి నేయాలి. అదీ ఏర్పాటు.

పది గంటల వేళ గల్లీ మొదట్లో చాందినీ కట్టి పంచాంగం చదివారు. మా నాయన రాశికి ఎలా ఉందో విని రమ్మని అక్క నన్ను పంపింది. పంతులుగారు పాపం మంచి మనిషి. గొంతులో హెచ్చుతగ్గులు లేకుండా, బస్సు వేళలు చదివినట్టు చదువుకుంటూ పోయేవారు. మా నాయన రాశి వచ్చింది. ఆరోగ్యం విషయంలో మిక్కిలి జాగ్రత్త, గండ సూచన ఉన్నది అని చదివి, గుటక నీళ్ళు తాగి తరువాతి రాశికి వెళ్ళిపోయారు. నాకు ఆ గుటక చప్పుడు ఇప్పటికీ గుర్తు. అంతటితో ఆగినా బాగుండేది. నా ముందు కూర్చున్న మా పక్కింటి అత్త నాలుక చప్పరించి, తన పక్కనున్నామెతో, "ఆ పడుగు ఎక్కిచ్చిన సందే మంచం వట్టిండు. పోగులల్ల ఏదో పీడ ఉన్నదే" అన్నది. ఆమెకు మామీద ఏ కక్షా లేదు. మా అమ్మ ఇంట్లో లేదని, పొద్దున్నే మా ముగ్గురికీ పూర్ణం పెట్టిన బచ్చాలు చేసి పంపింది కూడా ఆమెనే.

ఇప్పుడు నిజం చెబుతాను. నేను లేచి నిలబడ్డాను. అంతవరకు నిజం. పుస్తకం లాక్కున్న మాట అబద్ధం. నేనున్నది ఆరో వరసలో; చెయ్యి అందదు. నోరు తెరిచాను గానీ మాట రాలేదు. చేతిలో ఉన్న పచ్చడి గ్లాసు కిందపడేసి ఇంటికి పరుగెత్తాను. నన్ను పంతులుగారు చూసి కూడా ఉండరు. చింపిన ముక్కలు ఆయన ఒడిలో పోసే ఘట్టం నాకు పెళ్ళయిన తరువాత చేరింది.

నేను చేసిన అసలు పని వేరే ఉంది. అది ఎవరికీ చెప్పుకునేది కాదు గనుక ఇన్నాళ్ళూ పుస్తకం చించిన కథ చెప్పుకున్నాను.

ఇంటికి వచ్చేసరికి తాతయ్య బయట అరుగు మీద ఎవరితోనో మాట్లాడుతున్నాడు. అక్క నీళ్ళకు వెళ్ళింది. గదిలో మగ్గం ఒక్కటే ఉంది. అచ్చులోంచి వేలాడుతున్న మా నాయన పోగులు నావైపే చూస్తున్నట్టు అనిపించాయి. పీడ ఉన్నది వాటిలోనే కదా. వాటికే కొత్త పడుగు అతికితే, పీడ ఈ ఏడులోకి కూడా నడిచి వచ్చేస్తుంది కదా. నేను కత్తెర తీసుకున్నాను. చిక్కుపడ్డ చోట కోశాను, మిగిలినవి గుప్పెళ్ళతో పట్టి లాగాను. లాగిన ప్రతిసారీ దేవుణ్ణి ఒక మాట అన్నాను. ఆ మాటలు ఇక్కడ రాయను. ఒక్క పోగు కూడా మిగల్చలేదు. పాత ఏడు మా ఇంటిని పట్టుకుని వేలాడడానికి ఇక ఒక్క దారం కూడా లేదు అనుకుని, చెమట తుడుచుకుని, గొప్పగా నిలబడ్డాను.

అక్క బిందె దించి చూసింది. ముందు నన్ను, తరువాత అచ్చును, తరువాత కింద కుప్పగా పడ్డ దారాలను.

"నీకు నెత్తి గిట్ల ఖరాబైందా? నాయిన ఎక్కిచ్చిన పోగులు రా అవి! కండ్లు కనవడని తాత ఇప్పుడేం చేస్తడు?"

చెబుదామని నోరు తెరిచాను. ఆమె వినలేదు. "ఇగో, ఒట్టు. సచ్చినా నీతోని మాట్లాడ" అని నెత్తి మీద చెయ్యి పెట్టుకుని, దారాల కుప్ప ముందు కూలబడి ఏడ్చింది.

నాయన ఎక్కించిన పోగులు. ఆ మాటతో నా గొప్పంతా దిగిపోయింది. నేను కోసింది పీడను కాదు, మా నాయనను అనిపించింది. ఆయన చేతులతో ఒక్కొక్కటిగా ఎక్కించినవి. ఇంట్లో ఆయన మిగిల్చి వెళ్ళినవి అవే. వాటిని నేను తెంపేశాను. ఇక ఆయన ఏ దారి పట్టుకుని తిరిగి వస్తాడు? తొమ్మిదేళ్ళ పిల్లవాడి లెక్క మీకు నవ్వు తెప్పించవచ్చు. ఆ పూట నాకు గుండె ఆగినంత పనైంది.

ఏడుపు విని తాతయ్య గోడ పట్టుకుని లోపలికి వచ్చాడు. విషయం అక్క చెప్పింది. ఆయన మగ్గం దగ్గరికి వెళ్ళి, ఖాళీ అచ్చు మీద అరచెయ్యి పెట్టి పైనుంచి కిందకు నిమిరాడు, జ్వరం ఉందో లేదో చూసేవాళ్ళలాగ. నేను దెబ్బ కోసం భుజాలు బిగించుకుని ఎదురుచూశాను. దెబ్బ పడలేదు. పడినా బాగుండేది. ఉండబట్టలేక, పక్కింటి అత్త అన్న పీడ మాట చెప్పి నేనే అడిగాను.

"నాయిన సచ్చిపోతడా తాతా?"

లేదు అని ఆయన అనలేదు. ఈ వయసులో నేను ఆయనను గౌరవించేది అందుకే. "నాకేం ఎర్క రా? నేనేమన్న దేవుణ్ణా?" అన్నాడు. అచ్చు మీద చెయ్యి తియ్యకుండానే, "గాని పోగులు కోస్తే తెగిపోయేటంత అల్కటోడు కాదు మీ నాయిన. నా కొడుకు వాడు" అన్నాడు. పక్కింటి వైపు ముఖం తిప్పి, ఆ అత్తకు వినబడేలా, "పోగులల్ల పీడ ఉంటే ఈ వాడల ఒక్కడన్న బతుకునా?" అని అరిచాడు.

తరువాత పంచె ఎగగట్టాడు. "పొద్దు ఇంక మస్తున్నది. ఏటా నేస్తానం, ఈయేడు గూడ నేస్తం. కోసింది నువ్వు, ఎక్కిచ్చేది నువ్వే."

"నాకు రాదు తాతా."

"నీకు రాదు, నాకు కనవడది. ఇద్దరం కల్సి ఒక్క నేతగానికి సాలుతం. మొత్తం ఎక్కిచ్చుడు మనతోని కాదు. జానెడు ఎక్కిద్దాం. దేవునికి జానెడు సాలు."

నన్ను అచ్చుకు ముందు కూర్చోబెట్టి, చేతికి కొక్కెం ఇచ్చాడు. వంకర కొన ఉన్న సన్నటి ఇనుప పుల్ల అది. తాను వెనక్కి, కొత్త పడుగు చుట్టి ఉన్న వైపు వెళ్ళాడు. పని చెప్పడానికి తేలిక. నేను కంటిలోంచి కొక్కెం అవతలికి దూర్చాలి. అవతలి నుంచి ఒక పోగు ఆ కొనకు తగిలిస్తారు. నేను లాగాలి. మళ్ళీ తరువాతి కన్ను. మధ్యలో ఆ దారాల తెర దట్టంగా ఉంటుంది. అవతల చీకటి. ఎదుటి మనిషి గాని, చెయ్యి గాని కనబడవు. కొక్కానికి పోగు తగిలినప్పుడు చిన్న బరువు మాత్రం తెలుస్తుంది, ఎవరో చిటికెన వేలు పట్టుకున్నట్టు.

మొదట పది పోగులకు కొక్కెం పక్క కంటిలోకి పోయింది. తరువాత కుదిరింది. దూర్చడం, బరువు, లాగడం. మా తాతయ్య వేళ్ళకే కళ్ళుండేవి. ఆ చీకట్లో, ఆ పొరలు కమ్మిన కళ్ళతో, ఒక్క పోగు వరుస తప్పకుండా నాకు అందిస్తూ, మధ్యమధ్య ఏవో ముచ్చట్లు చెబుతూనే ఉన్నాడు. అక్క మళ్ళీ కనబడలేదు. నా ముఖం చూడడం ఇష్టంలేక వంటింట్లో కూర్చుందనుకున్నాను. ఆరోజు నేను వెయ్యి పోగులు ఎక్కించానని చెప్పుకుంటుంటాను. జానెడు వెడల్పుకు నూటికి కాస్త అటూ ఇటూ ఉంటాయి. వెయ్యి అన్నది కూడా తరువాత చేరిందే.

సగానికి పైగా అయిపోయింది. కొక్కెం దూర్చాను. బరువు తగల్లేదు.

కాసేపు చూశాను. "తాతా, పోగు" అన్నాను. సమాధానం లేదు. "తాతా, పోగియ్యి" అన్నాను. అవతల చిన్న అలికిడి అయింది, అంతే. ఇంకా చూశాను. చెయ్యి నొప్పి పుట్టింది. ఆ ఖాళీ కంటిలోంచి నాకు దవాఖాన మంచం, మా నాయన తువాలు, గుటక నీళ్ళు తాగుతున్న పంతులుగారు అన్నీ కనిపించడం మొదలైంది.

"కొక్కెం తీసినవా?" అని అప్పుడు వినబడింది మా తాతయ్య గొంతు.

"తియ్యలే."

"తియ్యకు."

"మరి పోగేది?"

"వస్తది."

"ఎప్పుడు?"

"నాకేం ఎర్క? కోపమొస్తాందా?"

"వస్తాంది."

"తిట్టు. ఎవ్వలియ్యాల్నో ఆళ్ళను తిట్టు. కొట్లాడు. ఏడుపొస్తే ఏడువు. కొక్కెం మాత్రం తియ్యకు. నువ్వు తీసినవనుకో, ఆయన పోగు పట్టుకొని వస్తడు, ఏ కంట్లకెళ్ళి ఇయ్యాల్నో తెల్వక నిలబడతడు."

నేను తిట్టాను. దేవుణ్ణి వకీలు లాగ నిలదీశానని మా మనవళ్ళకు చెబుతాను గాని, నిలదీయలేదు. ముక్కు కారుతూ, ఎక్కిళ్ళు పెడుతూ, ఆ తెరకేసి అరిచాను. పచ్చడి పెట్టినం గద, తాగినవ్ గద అన్నాను. మా నాయినను ఇయ్యి అన్నాను. నువ్వు ఇయ్యకపోతే నేను ఈడికెళ్ళి లెవ్వ అన్నాను. ఇదంతా అంటున్నంతసేపూ, ఎందుకో తెలియదు, కొక్కెం పట్టుకున్న చెయ్యి మాత్రం కదల్చలేదు. భుజం తిమ్మిరెక్కి మొద్దుబారిపోయింది. ఎంతసేపు ఉన్నానో లెక్క కట్టలేను. గంట అని చెప్పాలని ఉంది, పది నిమిషాలు అయ్యుంటుంది. అప్పుడు కొన మీద చిన్న బరువు పడింది. లాగాను. పోగు వచ్చింది.

ఆ తరువాత ఒక్కటి కూడా ఆగలేదు.

పొద్దు వాలేలోపు తాతయ్య గుంటలో కాళ్ళు పెట్టి కూర్చున్నాడు. నేను ఎర్ర నూలు అందించాను. ఆయన వరుస వరుసకూ పంజాతో, అంటే పేకను, ఆ అడ్డనూలును, గట్టిగా కూర్చే ఆ ఇనుప దువ్వెనతో, గల్లీ దద్దరిల్లేటట్టు కొట్టాడు. నాలుగు వరుసలతో ఆగలేదు. జానెడు వెడల్పు, బెత్తెడు పొడుగు నేశాడు. కోసేటప్పుడు కొసలు అచ్చులోనే వదిలాడు. ఆ పీలికను దేవుడి పటం ముందు పెట్టి, నడుం మీద చేతులు పెట్టుకుని, "సూసినవా?" అన్నాడు. అంతే. ఇంకేమీ అడగలేదు.

మర్నాడు దాన్ని దవాఖానకు తీసుకువెళ్ళాం. మా నాయన దిండుకు ఆనుకుని కూర్చుని, దాన్ని ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళతో అటూ ఇటూ చూశాడు. ఒకచోట ఆగాడు. "ఎవడు ఎక్కిచ్చిండ్రా ఇది? ఒక్క కంట్ల రెండు పోగులు దూరినయి" అన్నాడు. నేను అమ్మ వెనక దాక్కున్నాను. ఆయన నవ్వాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది, దగ్గు మళ్ళీ నవ్వులోకి వచ్చింది. "ఆగు, ఇంటికొచ్చి చెప్త నీ పని" అన్నాడు. ఆ మాట విన్నాక నాకు కలిగిన ధైర్యం ఆ తరువాత ఏ దేవుడి గుళ్ళోనూ, ఏ డాక్టరు నోటా కలగలేదు. తిట్టడానికైనా సరే, ఇంటికి వస్తానన్నాడు.

బతుకమ్మ పండుగ వెళ్ళాక వచ్చాడు. సగం మనిషై వచ్చాడు. పంజా దెబ్బలో మునుపటి బలం ఎప్పటికీ రాలేదు. అయినా నాకు పెళ్ళి చేసే దాకా బతికాడు. మా తాతయ్య మాత్రం ఆ పై ఉగాది చూడలేదు. చలికాలంలో ఒక మధ్యాహ్నం పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడు. ఒకరిని ఇచ్చి ఇంకొకరిని తీసుకుపోయిన దేవుడి మీద నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. ఆ ఉగాది పొద్దున పటం ముందు దీపం పెట్టి, పదేళ్ళవాణ్ణి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాను. అడగాల్సింది అడిగాను. పచ్చడి కూడా పెట్టాను. ఆ ఏడు వేపపువ్వు నేనే ఎక్కువ వేశాను.

అప్పటినుంచి ఏ ఉగాదీ వదల్లేదు. మగ్గం పోయి మరమగ్గం దగ్గర కూలికి చేరిన ఏడు నిలదీశాను. ఆ రొదకు ఎడమ చెవి పోయిన ఏడు, నా మాట నాకే సరిగా వినబడక, మరింత గట్టిగా నిలదీశాను. నా భార్య పోయిన ఏడు అడగడానికి మాట రాలేదు, ఊరికే నిలబడ్డాను. కానీ నిలబడ్డాను. మా గల్లీలో చాలామంది నన్ను నాస్తికుడు అనుకుంటారు. నాస్తికుడికి పటంతో పనేమిటి? లేనివాడితో ఇన్నేళ్ళు ఎవడైనా కొట్లాడతాడా?

ఈ ఉగాదికి మా మనవరాలు ఫోన్లో చూసి, నా రాశికి ఈ సంవత్సరం ఏమీ బాగాలేదని చెప్పింది. దవాఖానలో గుండె డాక్టరు కూడా, ఆయనకు నా రాశి తెలియకపోయినా, దాదాపు అదే చెప్పాడు. వచ్చే నెల ఛాతీ తెరుస్తారట. మనవరాలికి ఫికరు పట్టుకుంది. "తాతా, దేవుణ్ణి మంచిగ మొక్కు, లొల్లి పెట్టకు ఈసారన్న" అని బతిమాలింది. నేను దీపం వెలిగించి, చేతులు ఎప్పుడూ పెట్టే చోటే పెట్టుకున్నాను. ఎర్ర పీలిక ఇప్పటికీ ఆ పటం కిందే ఉంది. ఒక్క కంటిలో రెండు పోగులు దూరిన చోట వేలు పెడితే తెలుస్తుంది. ఛాతీ తెరిచిన తరువాత నాకు మెలకువ వస్తుందో రాదో నాకు తెలియదు, నేనేమన్నా దేవుణ్ణా? నేను చేయగలిగింది ఒకటే. అవతల చీకట్లో ఆయన ఏ పనిలో ఉన్నాడో ఉండనీ. తిడుతూనే ఉంటాను. కొక్కెం మాత్రం తియ్యను.

ఇంతవరకు రాసి, ఆటో ఎక్కి కాశిబుగ్గలో ఉంటున్న మా అక్క దగ్గరికి వెళ్ళాను. ఆమె ఒట్టు మూడు రోజులే నిలిచింది. అప్పటినుంచి ఇప్పటిదాకా నాతో మాట్లాడుతూనే, అంటే తిడుతూనే ఉంది. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ మొత్తం వింది. చదవడం అయిపోయాక మెప్పు కోసం ఆమె ముఖంలోకి చూశాను.

"ఎనుక కూసుండి పోగులు ఎవ్వరిచ్చిండ్రని రాసినవ్ రా?"

"తాత."

"కండ్లు కనవడని మనిషి వరుస తప్పకుంట పోగెట్ల ఏరుతడు?"

"తాత వేళ్ళకే కండ్లుండె గదనే అక్కా."

"వేళ్ళకు కండ్లుండుడేంది, నీ తలకాయ! ఏరి ఇచ్చింది నేను. తాత నా పక్కపొంటి కూసుండి ముచ్చట వెట్టిండు. నీతోని మాట్లాడనని ఒట్టేసుకుంటి గద, గందుకే సప్పుడు చెయ్యలే."

డెబ్బై దాటాక, పుట్టినప్పటినుంచి ఎరిగిన చెయ్యిని మొదటిసారి చూసినట్టు, చిక్కుడుకాయలు వలుస్తున్న ఆ వేళ్ళవైపు చూశాను. అయినా పట్టు వదలక అడిగాను.

"మరి నడుమ పోగు ఎందుకాగింది? తాత నాకు పరీక్ష పెట్టిండు గద?"

"ఏం పరీక్ష రా? పొద్దటి సంది నా కడుపుల ఏం లేకపాయె, కండ్లు తిరిగినయి. తాత నా చెయ్యి పట్టుకొని సూసి, సల్లగైందని, పోయి ఓ బచ్చం తిని రా బిడ్డా అని సైగ జేసిండు. నేను తింటాంటే నువ్వాడ దేవునితోని లొల్లి వెట్టుకున్నవ్. నువ్వు లేచి పోకుంట తాత ఏదో ఒకటి చెప్పి కూసోబెట్టిండు. అంతే." ఒక చిక్కుడుకాయ ఈనె తీసి, గిన్నెలో వేసి, నావైపు చూడకుండానే అన్నది. "నేను తిని వచ్చేసరికి నీ కొక్కెం అట్లనే ఉండె. చెయ్యి గజగజ వణుకుతాంది గాని తియ్యలే. గదొక్కటి నిజం రాసినవ్. మిగిలిందంతా కొట్టెయ్."